పాత కామ్ షాఫ్ట్ మరో బైక్ ఇంజన్‌లో: ఏది కుదురుతుంది, ఏది చెడుతుంది

క్లుప్తంగా: కామ్ షాఫ్ట్ అంటే ఇంజన్ వాల్వులను తెరిచే ఇరుసు, దాని మీది కోడిగుడ్డు ఆకారపు ఉబ్బు లోబ్, లోబ్ కొన ముక్కు. ఒకే కుటుంబానికి చెందిన ఇంజన్ల మధ్య వాడిన కామ్ షాఫ్ట్ మార్చుకోవచ్చు. అయితే అది ఒంటరి పార్టు కాదు. దాని మీద రుద్దుకుంటూ వాల్వులను నొక్కే రాకర్లు, దాన్ని మోసే బేరింగులు, దానికి అందే ఆయిల్ కలిస్తేనే కామ్ పని చేస్తుంది. బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని ఎక్కించిన పాత కామ్ కొద్ది నెలల్లోనే రాకర్లను, ఒక్కోసారి హెడ్‌నే (సిలిండర్ పైభాగాన్నే) తినేస్తుంది. కొనేముందు ఏం కొలవాలి, బిగించేటప్పుడు ఏం చూడాలి, ఏ సందర్భంలో కొత్తది కొనడమే మేలు అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

పాత బైకుల్లో హెడ్ దగ్గర 'టక టక' శబ్దం పెరుగుతుంది. టాపెట్ (రాకర్‌కు, వాల్వుకు మధ్య గ్యాపు) సెట్ చేయిస్తే పది రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. హెడ్ విప్పి చూస్తే కామ్ ముక్కు అరిగి ఉంటుంది. ఆ దశలో మెకానిక్ రెండు దారులు చెబుతాడు: కొత్త కామ్ కొనడం, లేదా పాత సామాను దుకాణంలో ఇంకో బండి హెడ్ నుంచి ఊడదీసినది తేవడం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విప్పిన ఇంజన్ పార్టులు దొరకడం కష్టం కాదు. కంపెనీ తయారీ ఆపేసిన మోడళ్ళకైతే చాలాసార్లు అదొక్కటే దారి.

యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్ళకు ఈ సమస్యే లేదు. వాటికి కామ్ షాఫ్ట్ ఉండదు, పిస్టనే పోర్టులను తెరుస్తుంది, మూస్తుంది. ఇక్కడి చర్చంతా ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల గురించే.

కామ్ ఎలా అరుగుతుంది

క్రాంక్ (పిస్టన్ తిప్పే ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే కామ్ 3,000 చుట్లు తిరుగుతుంది, అంటే ప్రతి వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. ప్రతిసారీ స్ప్రింగు బలమంతా రాకర్ ద్వారా కామ్ లోబ్ మీద సన్నని గీత లాంటి చోట పడుతుంది. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర బాగా పలచబడుతుంది. ఐడిలింగ్‌లో కామ్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పొర ఇంకా పలచన. ఎక్కువ వేగంలోనే కామ్ అరుగుతుందని చాలామంది అనుకుంటారు. కానీ లోబ్ ముక్కుకు గడ్డుకాలం చల్లని స్టార్టింగ్, దీర్ఘమైన ఐడిలింగ్.

ఈ దెబ్బకు తట్టుకోవడానికి లోబ్ పైభాగాన్ని గట్టిపరుస్తారు. ఆ గట్టి పొర ఉన్నంతకాలం అరుగుదల చాలా నెమ్మదిగా సాగుతుంది. పొర దాటి లోపలి మెత్తని లోహం బయటపడిందంటే అరుగుదల ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. అందుకే 'కొంచెమే అరిగింది, ఇంకో రెండేళ్ళు నడుస్తుంది' అన్న అంచనా పాత కామ్ విషయంలో తప్పుతుంది. మొదటి కొద్దిపాటి అరుగుదలకు ఏళ్ళు పట్టి ఉండవచ్చు, తర్వాతి అంత అరుగుదలకు వారాలే పట్టవచ్చు.

కామ్‌కు జత రాకర్

చాలా ఇంజన్లలో రాకర్ చివర గట్టి లోహపు ప్యాడ్ ఉంటుంది, దాన్ని మెత్త అంటారు. అది లోబ్ మీద జారుతుంది. వేల కిలోమీటర్ల తర్వాత ఆ రెండు ముఖాలు ఒకదానికొకటి కుదురుకుంటాయి, పాత రోలుకు దాని పొత్రం కుదిరినట్టు. లోబ్ మీద కంటికి కనిపించని గాడి పడితే రాకర్ మెత్త మీద సరిగ్గా అదే చోట గట్టు నిలుస్తుంది.

ఆ కామ్‌ను తీసుకెళ్ళి వేరే ఇంజన్‌లోని వేరే రాకర్ల కింద పెడితే గాడికి గట్టు కలవదు. ఎత్తుగా ఉన్న రెండు మూడు చోట్ల మాత్రమే తాకుడు ఉంటుంది. మొత్తం వెడల్పు మీద పడాల్సిన బరువు ఆ చిన్న చోట్ల పడి అక్కడ పొర పగిలి గుంటలు మొదలవుతాయి. ఊడిన లోహపు పొడి ఆయిల్‌తో కలిసి బేరింగుల్లోకి చేరుతుంది.

కాబట్టి అన్నిటికన్నా మంచిది ఒకే హెడ్ నుంచి కామ్, రెండు రాకర్లు, రాకర్ పిన్నులు కలిపి తెచ్చుకోవడం. ఇన్‌టేక్ రాకర్ ఇన్‌టేక్ వైపే, ఎగ్జాస్ట్ రాకర్ ఎగ్జాస్ట్ వైపే ఉండాలి కాబట్టి విప్పేటప్పుడే పెయింటుతో గుర్తు పెట్టాలి. అది కుదరకపోతే మంచి పాత కామ్‌కు కొత్త రాకర్లు వేయవచ్చు, కొత్త ముఖం లోబ్‌కు తగ్గట్టు సర్దుకుంటుంది. అన్నిటికన్నా చెడ్డది అరిగిన రాకర్ల కింద ఇంకో ఇంజన్‌లోని పాత కామ్. దురదృష్టవశాత్తు చాలాచోట్ల జరిగేది ఇదే, ఎందుకంటే రాకర్లు 'బాగానే ఉన్నట్టు' కనిపిస్తాయి.

రాకర్‌లో రోలర్ ఉన్న ఇంజన్ల సంగతి వేరు. రోలర్ కోసం గీసిన లోబ్ ఆకారం జారే రాకర్ కోసం గీసిన ఆకారంతో కలవదు. షాఫ్ట్ పొడవు, బేరింగు సైజు ఒకటే అయినా ఈ రెంటినీ కలపకూడదు.

ఫిల్లర్ గేజ్ పట్టుకోలేని అరుగుదల

టాపెట్ గ్యాపు కొలిచేది వాల్వు పూర్తిగా మూసుకున్నప్పుడు. ఆ సమయంలో రాకర్ లోబ్ ముక్కు మీద ఉండదు, వెనక గుండ్రని భాగం మీద ఉంటుంది. ఆ గుండ్రని భాగం మీద బరువు పెద్దగా పడదు కాబట్టి అది దాదాపు అరగదు. అరిగేది ముక్కు. ముక్కు సగం పోయినా ఫిల్లర్ గేజ్ (గ్యాపు కొలిచే సన్నని బ్లేడు) సరైన గ్యాపే చూపిస్తుంది.

ముక్కు అరిగితే వాల్వు తెరుచుకునే ఎత్తు తగ్గుతుంది. ఉదాహరణకు లోబ్ మొత్తం ఎత్తు 26 మి.మీ., గుండ్రని భాగం వ్యాసం 21 మి.మీ. అనుకుంటే లోబ్ ఇచ్చే లిఫ్ట్ 5 మి.మీ. ముక్కు 0.3 మి.మీ. అరిగితే లిఫ్ట్ 4.7కు పడుతుంది, అంటే 6 శాతం నష్టం. ఇన్‌టేక్ లోబ్ ఇలా అరిగితే ఎత్తు వేగాల్లో బండి లాగదు. ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే కాలిన వాయువు పూర్తిగా బయటికి పోదు. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోగానే అది వెనక్కి తన్ని కార్బురేటర్‌లో 'టప్' మంటుంది. దీన్ని కార్బురేటర్ లోపమనుకుని జెట్లు మార్చేవాళ్ళు ఎక్కువ.

గ్యాపు కొలతలోనే ఇంకో మోసం ఉంది. టాపెట్ స్క్రూ కొన గుంట పడి ఉంటే ఫిల్లర్ బ్లేడు ఆ గుంట మీదుగా వంతెనలా నిలుస్తుంది. బ్లేడు 0.05 చూపిస్తుంది, అసలు గ్యాపు దానికి గుంట లోతు కూడా కలిపినంత. కామ్ మార్చే పని పెట్టుకున్నప్పుడే టాపెట్ స్క్రూలూ మార్చడం మేలు. వాటి ధర చిన్నది.

ఏ ఇంజన్ నుంచి ఏ ఇంజన్‌కు

తెలుగు నేల మీద అన్నిటికన్నా ఎక్కువగా ఈ మార్పిడి జరిగేది హీరో హోండా 97.2 సీసీ ఇంజన్ల మధ్య. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఆ తర్వాతి ప్యాషన్ ఒకే మూలం నుంచి వచ్చాయి: 50 మి.మీ. బోరు, 49.5 మి.మీ. స్ట్రోకు, దాదాపు అడ్డంగా పడుకున్న సిలిండర్. హెడ్‌లో కామ్ రెండు చివర్లా బాల్ బేరింగుల మీద తిరుగుతుంది. ఇలాంటి అమరికలో మార్పిడికి అనుకూలత ఎక్కువ, ఎందుకంటే అరిగిన బేరింగు తీసి కొత్తది ఎక్కిస్తే షాఫ్ట్ మళ్ళీ సరైన చోట కూర్చుంటుంది.

అయితే 'అన్నీ 97.2' అన్న మాట మీద నిలబడి కొనకూడదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇదే ఇంజన్‌లో ఉద్గార నిబంధనల కోసం మార్పులు జరిగాయి. రెండు షాఫ్ట్‌లను పక్కపక్కన పెట్టి మొత్తం పొడవు, బేరింగు కూర్చునే చోటి వ్యాసం, స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ళ చక్రం) బోల్టు రంధ్రాల స్థానం, ఆ రంధ్రాలతో పోలిస్తే లోబ్ ముక్కులు ఏ కోణంలో ఉన్నాయన్నది సరిపోల్చాలి. పార్టు నంబరు కలిస్తే సందేహం తీరుతుంది. సూపర్ స్ప్లెండర్ 125 సీసీ వేరే ఇంజన్, పేరు చూసి దాని కామ్ తేవడం వృథా.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పాత కాస్ట్ ఐరన్ ఇంజన్‌లో అమరిక పూర్తిగా వేరు. అక్కడ కామ్ హెడ్‌లో ఉండదు, కుడివైపు టైమింగ్ కవర్ కింద ఉంటుంది. ఇన్‌టేక్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి చొప్పున రెండు విడి కామ్‌లు, వాటికి పళ్ళ చక్రాలు. కామ్‌ను తిప్పే చైన్ లేదు. ఇక్కడ లోబ్‌తో పాటు పళ్ళ మధ్య సందు కూడా చూడాలి. వేరే ఇంజన్ నుంచి తెచ్చిన కామ్ గేరు బిగుతుగా కలిస్తే ఈల వేసినట్టు రొద వస్తుంది, వదులుగా కలిస్తే గలగలమంటుంది. ఇక్కడ రాకర్ల స్థానంలో కామ్ మీద జారేది టాపెట్ పాదం (ఇక్కడ టాపెట్ అంటే కామ్ పైకి తోసే కడ్డీ). పాదం అడుగున గుంటలుంటే కామ్ ఎంత మంచిదైనా ఫలితం లేదు, టాపెట్లు కూడా మార్చాలి.

2009లో వచ్చిన క్లాసిక్ మోడళ్ళలోని యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉన్న) ఇంజన్‌లో, ఆయిల్ ఒత్తిడితో గ్యాపును తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి. దానికి పాత బుల్లెట్ కామ్‌లు పనికిరావు. ఎగ్జాస్ట్ కామ్ మీద స్టార్టింగ్ సమయంలో కంప్రెషన్ తగ్గించే ఆటో డీకంప్రెషన్ అమరిక కూడా ఉంటుంది. వాడిన కామ్ కొనేటప్పుడు ఆ చిన్న స్ప్రింగు, దాని బరువు ముక్క సులువుగా కదిలి తిరిగి తమ చోటికి వస్తున్నాయో లేదో వేలితో తోసి చూడాలి. ఇరుక్కుపోతే సెల్ఫ్ తిరగడానికి ఇబ్బంది పడుతుంది, లేదా ఐడిలింగ్ నిలవదు.

నాలుగు సిలిండర్ల ఇంజన్లలో, మరికొన్ని ట్విన్ కామ్ ఇంజన్లలో అసలు బేరింగులే ఉండవు. షాఫ్ట్ నేరుగా హెడ్ అల్యూమినియంలోనే, పైన దాన్ని పట్టి ఉంచే క్యాపుల మధ్య తిరుగుతుంది. క్యాపులను హెడ్ మీద బిగించాకే షాఫ్ట్ తిరిగే రంధ్రాన్ని రెంటిలో కలిపి ఒకేసారి తొలుస్తారు. అందుకే ఒక హెడ్ క్యాపులు ఇంకో హెడ్‌కు పనికిరావు. కామ్ మార్చినా క్యాపులు ఆ హెడ్‌వే, అవే స్థానాల్లో, అదే దిశలో ఉండాలి. షాఫ్ట్‌కు, అల్యూమినియానికి మధ్య ఆయిల్ సందు ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి సందు చూపే ప్లాస్టిక్ దారంతో) కొలవాలి. ఈ సందు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. 0.1 మి.మీ. దాటితే కొన్ని ఇంజన్లలో అది పనికిరాని కొలతే.

ఇక్కడ హోండా వీఎఫ్ 750 ఎఫ్ అనుభవం చెప్పుకోదగ్గది. 1980ల తొలి సంవత్సరాల్లో ఆ వీ ఫోర్ బైకుల్లో కామ్ లోబ్‌లు గుంటలు పడడం పెద్ద వివాదమైంది. కామ్‌లు మార్చినా చాలా బళ్ళలో సమస్య తిరిగొచ్చింది. షాఫ్ట్ కూర్చునే చోట ఖచ్చితత్వం చాలకపోవడం, హెడ్‌కు ఆయిల్ సరిగా అందకపోవడం అసలు కారణాలని తర్వాత ఎక్కువగా చర్చకు వచ్చింది. చెడిన కామ్ చాలాసార్లు రోగ లక్షణం మాత్రమే. పాతది ఎందుకు పోయిందో తేల్చకుండా ఇంకొకటి ఎక్కిస్తే అదీ అదే దారిన పోతుంది.

కొనే ముందు చేతిలో పట్టుకుని చూడాల్సినవి

మొదట కిరోసిన్‌తో కడిగి ఎండలో చూడాలి. లోబ్ ముక్కు మీద వేలిగోరు అడ్డంగా లాగితే ఎక్కడా తట్టకూడదు. సూది మొనంత గుంటలు కనిపించినా వదిలేయాలి. అవి పొర పగలడం మొదలైందనడానికి గుర్తు. ముక్కు గుండ్రంగా కాకుండా చదునుగా, అంచు పదునుగా తేలి ఉంటే అది అరిగిన కామ్. నీలి రంగు మచ్చలుంటే ఆయిల్ లేక కాలింది, గట్టిదనం పోయి ఉంటుంది. మెరుపు మంచిదనానికి గుర్తు కాదు, ఎమరీ కాగితంతో రుద్దిన కామ్ ఇంకా బాగా మెరుస్తుంది.

తర్వాత మైక్రోమీటరు. వెర్నియర్ ఇక్కడ చాలదు. లోబ్ ఎత్తును, గుండ్రని భాగం వ్యాసాన్ని విడివిడిగా కొలిచి తేడా తీయాలి. ఆ తేడా ఒక్కటే చూస్తే గ్రైండ్ చేసిన కామ్ మోసం చేస్తుంది. ముక్కు అరిగినప్పుడు కొందరు వెనక గుండ్రని భాగాన్ని గ్రైండ్ చేసి లిఫ్ట్ తిరిగి తెస్తారు. లిఫ్ట్ అంకె సరిపోతుంది కానీ గుండ్రని భాగం చిన్నదై రాకర్ కిందికి వాలుతుంది. టాపెట్ స్క్రూ చాలా లోపలికి దిగుతుంది, రాకర్ మెత్త మీద తాకే చోటు పక్కకు జరుగుతుంది. పైగా గట్టి పొరలో కొంత భాగం గ్రైండింగ్‌లోనే పోయి ఉంటుంది. సరైన కామ్ గ్రైండింగ్ యంత్రం, ఆపై మళ్ళీ గట్టిపరచడం లేకుండా చేసిన ఈ పని నిలవదు.

బేరింగులు షాఫ్ట్ మీదే ఉంటే వాటి మీద ఆశ పెట్టుకోకుండా కొత్తవి వేయాలి. అంతకన్నా ముఖ్యం హెడ్‌లో బేరింగు కూర్చునే గుంట. బేరింగు బయటి రింగు హెడ్‌లో తిరిగి ఉంటే అల్యూమినియం అరిగి గుంట పెద్దదవుతుంది. వేలితో తోస్తేనే బేరింగు జారిపోయే స్థితి వస్తే ఏ కామ్ వేసినా అది ఊగుతుంది, టైమింగ్ చైన్ కొట్టుకుంటుంది. గుంట చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించడం ఊళ్ళలో మామూలు. అది కొన్నాళ్ళే ఆగుతుంది. లేత్‌లో గుంటను కొద్దిగా పెంచి బుష్ వేయించడమో, హెడ్ మార్చడమో సరైన పని.

షాఫ్ట్ వంకర చూడటానికి రెండు వీ బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి డయల్ గేజ్‌తో తిప్పాలి. సూది ఊపు 0.05 మి.మీ. లోపే ఉండాలి. గేజ్ లేని చోట గాజు పలక మీద దొర్లించి చూస్తారు కానీ లోబ్‌లు అడ్డుపడతాయి, ఆ పద్ధతి నమ్మదగ్గది కాదు. చివరగా స్ప్రాకెట్ బోల్టు మరలు పాడు కాలేదని, స్ప్రాకెట్‌ను దాని చోట నిలిపే డోవెల్ పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగలేదని చూసుకోవాలి. అది సాగితే టైమింగ్ ఎప్పుడూ నిలవదు.

పాత సామాను ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోవాలి. కామ్ మీద ఇంజన్ నంబరు ఉండదు కాబట్టి ఆ పార్టు ఎక్కడిదన్న ప్రశ్నకు ఆ కాగితమే జవాబు.

బిగించే క్రమం

ప్లగ్ తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. మ్యాగ్నెట్ (క్రాంక్ చివరి చక్రం) మీది టీ గుర్తును కేసు గుర్తుకు కలపాలి. ఆ స్థితిలో రెండు రాకర్లూ వదులుగా కదిలితే అది కంప్రెషన్ చివరి టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థితి). ఒకటైనా బిగుతుగా ఉంటే క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. టెన్షనర్ (చైన్‌ను బిగువుగా ఉంచే పార్టు) వదులు చేసి, స్ప్రాకెట్ బోల్టులు విప్పి, చైన్‌ను తీగతో పైకి కట్టాలి. చైన్ లోపలికి జారితే పని రెట్టింపవుతుంది. బోల్టులు విప్పేటప్పుడు కింద గుడ్డ పెట్టడం మరవకూడదు, కేసులోకి పడిన బోల్టు కోసం ఇంజన్ మొత్తం విప్పాల్సి రావచ్చు. తర్వాత రాకర్ పిన్నులు లాగితే కామ్ పక్కనుంచి బయటికి వస్తుంది.

కొత్తగా ఎక్కించే కామ్ లోబ్‌లకు, రాకర్ మెత్తలకు మాలిబ్డినం కలిసిన నల్ల పేస్టు పూయాలి. మామూలు ఇంజన్ ఆయిల్ పూస్తే కొద్దిసేపటికే కారిపోతుంది. మొదటి స్టార్ట్‌లో పంపు నుంచి ఆయిల్ పైకి చేరేవరకు లోబ్‌ను కాపాడేది ఈ పేస్టే. షాఫ్ట్ కూర్చున్నాక స్ప్రాకెట్ గుర్తును హెడ్ గుర్తుకు కలిపి చైన్ ఎక్కించాలి. చైన్ ఏ వైపు బిగుతుగా ఉంటుందో ఆ వైపు వదులు లేకుండా లాగి గుర్తులు మళ్ళీ చూడాలి.

ఒక్క పన్ను తప్పితే ఎంత నష్టం? క్రాంక్ మీద 14, కామ్ మీద 28 పళ్ళున్న ఇంజన్‌లో ఒక పన్ను అంటే కామ్ మీద 12.9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 25.7 డిగ్రీలు. బండి స్టార్ట్ అవుతుంది, కానీ లాగదు, వేడెక్కుతుంది. వాల్వుకు, పిస్టన్‌కు మధ్య సందు తక్కువగా ఉన్న ఇంజన్లలో వాల్వు వంగుతుంది. అందుకే బోల్టులు బిగించాక సెల్ఫ్, కిక్ ముట్టకుండా క్రాంక్‌ను స్పానరుతో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోవాలి, బలం పెట్టి దాటించకూడదు. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్ళీ కలిస్తే టైమింగ్ సరిగ్గా ఉన్నట్టు. టాపెట్ గ్యాపు పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద, ఆ మోడల్ మాన్యువల్ చెప్పిన అంకెకే పెట్టాలి. శబ్దం రాకూడదని గ్యాపు తగ్గిస్తే వేడికి వాల్వు కాండం పెరిగి సీటు మీద పూర్తిగా కూర్చోదు, ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. ఈ విషయంలో కొద్దిపాటి శబ్దమే ఇంజన్‌కు ఆరోగ్యం.

హెడ్‌కు ఆయిల్ దారి ప్రత్యేకంగా చూడాలి. హోండా మూలం ఉన్న ఈ అడ్డ సిలిండర్ ఇంజన్లలో ఆయిల్ ఒక స్టడ్ రంధ్రం గుండా పైకి వస్తుంది. ప్యాకింగ్ పేస్టు ఎక్కువగా పూస్తే పిండుకుని లోపలికి వచ్చి ఆ దారిని మూసేస్తుంది. మంచి కామ్ ఎక్కించిన వారానికే పోయిందని వచ్చే ఫిర్యాదుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే.

పాత ఆయిల్ పూర్తిగా తీసి, స్ట్రెయినర్ కడిగి, మోటార్‌సైకిల్ గ్రేడు కొత్త ఆయిల్ పోయాలి. స్టార్ట్ అయ్యాక ఐడిలింగ్‌లో వదిలేయకుండా కొన్ని నిమిషాలు కొంచెం ఎత్తు వేగంలో, మారుస్తూ నడపాలి. టాపెట్ మూత తీసి ఆయిల్ పైకి వస్తోందో చూడాలి. 500 కిలోమీటర్ల లోపు ఆయిల్ మళ్ళీ మార్చి, గ్యాపు మళ్ళీ కొలవాలి. ఆ కొద్ది దూరంలోనే గ్యాపు బాగా పెరిగి ఉంటే లోబ్ గానీ మెత్త గానీ పోతున్నట్టు.

పికప్ కోసం వేరే కామ్

మరమ్మతు కోసం కాక, బలం కోసం కామ్ మార్చేవాళ్ళూ ఉన్నారు. విదేశాల్లో పేరున్న ఉదాహరణ సుజుకి బ్యాండిట్ 1200. దాని 1,157 సీసీ ఇంజన్ 1,127 సీసీ జీఎస్‌ఎక్స్ ఆర్ 1100 నుంచి వచ్చింది, బోరు 78 నుంచి 79 మి.మీ.కు పెరిగింది. బ్యాండిట్‌కు కింది వేగాల్లో బలం ఇచ్చే సాత్విక కామ్‌లు పెట్టారు. అందుకే జీఎస్‌ఎక్స్ ఆర్ పాత కామ్‌లు వెతికి ఎక్కించడం అక్కడ పాత అలవాటు. అక్కడ కూడా అన్ని ఏళ్ళ కామ్‌లూ పనికిరావు. రాకర్ అమరిక కలవాలి, ఆపై కోణాలను డిగ్రీ చక్రంతో (క్రాంక్ తిరిగిన కోణం చూపే పలకతో) సరిచూడాలి.

బలమైన కామ్ అంటే వాల్వును ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తుకు తెరిచేది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే కింది వేగాల్లో పీల్చిన మిశ్రమం కొంత వెనక్కి పోతుంది. కాబట్టి కిక్ తేలికవుతుంది, ఐడిలింగ్ తడబడుతుంది, ట్రాఫిక్‌లో బండి లాగదు. లాభమంతా ఎత్తు వేగాల్లోనే. లిఫ్ట్ పెరిగితే ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకోవడం. రెండోది, వాల్వు పిస్టన్‌ను తాకడం. పిస్టన్ మీద మెత్తని బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి రెండు చుట్లు తిప్పి విప్పితే, ముద్దలో పలచబడిన చోటే మిగిలిన సందు. ఇన్‌టేక్ వైపు 1 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 1.5 మి.మీ. కన్నా తగ్గితే ఆ కామ్ పెట్టకూడదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త ఉద్గార ప్రమాణాల) బళ్ళలో ఈ ప్రయోగానికి ఫలితం ఇంకా తక్కువ. ఫ్యూయల్ ఇంజెక్షన్ కంప్యూటర్ తన ఇంజన్ గాలి పీల్చే తీరును బట్టి పెట్రోలు లెక్క వేస్తుంది. కామ్ మారితే ఆ తీరు మారుతుంది, లెక్క తప్పుతుంది. కార్బురేటర్‌లో జెట్టు మార్చినంత సులువుగా దాన్ని సరిచేయలేరు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అదే మోడల్ పార్టుతో మరమ్మతు చేయడం వేరు.

పాతదా, కొత్తదా

స్ప్లెండర్ కుటుంబం లాంటి, పార్టులు ఇంకా సులువుగా దొరికే బళ్ళకు పాత కామ్ వల్ల మిగిలేది తక్కువ. ఖర్చులో పెద్ద భాగం హెడ్ విప్పి బిగించే కూలి, ప్యాకింగులు, ఆయిల్. పాత కామ్ ఆరు నెలల్లో పోతే ఆ ఖర్చంతా మళ్ళీ పెట్టాలి. కంపెనీ కామ్, రాకర్లు, బేరింగులు కలిపి కొనడం ఇక్కడ సరైన లెక్క. నాసిరకం డూప్లికేట్ కామ్‌కూ, కొలతలు నిలిచిన కంపెనీ పాత కామ్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మాత్రం పాతదే మేలు. గట్టిపరచడం సరిగా లేని డూప్లికేట్ లోబ్ కొద్ది వేల కిలోమీటర్లకే చదునవుతుంది.

పార్టులు ఆగిపోయిన పాత మోడళ్ళకు దారి ఒకటే: విడి కామ్ వెతకడం మాని, కామ్, రాకర్లు, పిన్నులు, కుదిరితే క్యాపులతో సహా పూర్తి హెడ్‌ను కొనడం. విడి కామ్ కన్నా ధర ఎక్కువే. కానీ ఒకదానికొకటి కుదిరి అరిగిన పార్టులన్నీ కలిసే వస్తాయి. వాల్వులు సీటు చేయించి, బేరింగులు మార్చి, ఆయిల్ దారులు గాలితో ఊది శుభ్రం చేసి ఆ హెడ్‌నే నేరుగా ఎక్కించవచ్చు. పాత హెడ్‌ను పారేయకుండా దాచుకుంటే, దాని వాల్వు గైడ్లు, రాకర్ పిన్నులు, క్యాపు బోల్టులు తర్వాతి మరమ్మతుకు అక్కరకొస్తాయి.